వెనిస్ వెళ్తున్నారా? ముందు వంతెనలు లెక్కపెట్టండి!

"అమ్మా, ఈసారి నువ్వొచ్చినప్పుడు వెనిస్ చూపిస్తాను" అని జర్మనీలో ఉన్న అబ్బాయో, హాలెండ్‌లో ఉన్న అమ్మాయో ఫోన్‌లో అన్నారా? అయితే అటక మీంచి సూట్‌కేసు దించే ముందు ఈ నాలుగు ముక్కలూ చదవండి.

ఇటలీలోని ఈ ఊళ్ళో బస్సుల్లేవు, ఆటోల్లేవు, సైకిలు తొక్కడానికి కూడా వీల్లేదు. మన పులికాట్‌లాంటి ఉప్పునీటి సరస్సులో 118 చిన్న చిన్న లంకలు, వాటి మధ్య కాలవలు, కాలవల మీద నాలుగు వందలకు పైగా వంతెనలు. అదీ వెనిస్ అంటే! బురదలో వేలకు వేలు కొయ్య గుంజలు దిగేసి, వాటి మీద రాతి మేడలు లేపారు. నీటి అడుగున గాలి తగలదు కాబట్టి కొయ్య అంత తొందరగా చివకదట. ఇళ్ళ గుమ్మాల్లోకే నీళ్ళొస్తాయి. కూరగాయలైనా, ఉతికిన దుప్పట్లయినా, రోగిని తీసుకెళ్ళే అంబులెన్సయినా పడవే.

వినడానికి ఎంత బావుందో కదూ! నేనూ అలాగే మురిసిపోయి, మొదటిసారి మా అత్తయ్యగారిని వెంటబెట్టుకుని ఒక టూరు వాళ్ళతో వెళ్ళాను. పది రోజుల్లో ఏడు దేశాలు. వెనిస్‌కి నాలుగు గంటలు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. అక్కడి వంతెనలు చాలావరకు మెట్లతోనే ఉంటాయని మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. రెండు వంతెనలు ఎలాగో ఎక్కి దిగారు. మూడో దాని దగ్గర "మీరు చూసి రండమ్మా, నేనిక్కడ కూచుంటాను" అన్నారు. సెయింట్ మార్క్ చౌకు వరకూ పరుగులాంటి నడకతో వెళ్ళి వచ్చాను. ఏం చూశానో నాకే తెలీదు, మనసంతా వెనకే ఉంది. ఊరంతా తిరిగే నీటి బస్సులున్నాయని తిరిగొచ్చేటప్పుడు తెలిసింది! మళ్ళీ రెండోసారి వెళ్ళేనాటికి ఆవిడ లేరు.

అందుకే చెబుతున్నాను. నీటి బస్సుని అక్కడ వాపరెట్టో అంటారు. రైలు స్టేషను బయటికి రాగానే ఎదురుగా పెద్ద కాలవే కనిపిస్తుంది. 1వ నంబరు పడవ ఆ కాలవ పొడుగునా, 1591లో పూర్తయిన రియాల్టో వంతెన కిందుగా, సెయింట్ మార్క్ దాకా తీసుకెళ్తుంది. రేవు నుంచి పడవలోకి అడుగేసి ఎక్కడమే, మెట్ల బాధ లేదు. 2025 ధరల్లో ఒక టికెట్టు తొమ్మిదిన్నర యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. రోజుకి మూడుసార్లు ఎక్కేటట్టయితే 25 యూరోల ఇరవై నాలుగు గంటల టికెట్టే నయం.

ఇక సినిమాల్లో చూసే నల్ల పడవ, గొండోలా. పగలు అరగంటకి 90 యూరోలు, రాత్రి ఏడు దాటితే 110. ఇది పడవకి ధర, మనిషికి కాదు. అయిదుగురి దాకా ఎక్కొచ్చు, కాబట్టి ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కండి. అంత ఖర్చెందుకు అనుకుంటే, పెద్ద కాలవని అడ్డంగా దాటించే ట్రాగెట్టో ఉంది. అదీ గొండోలాలాంటిదే, రెండు యూరోలు. మన గోదావరి రేవు దాటినట్టే!

బస ఖరీదని చాలామంది పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోతారు. నా మాట విని, మిగతా ఊళ్ళు రెండు తగ్గించుకునైనా ఇక్కడ ఒక రాత్రి ఉండండి. జనం పల్చబడ్డాక నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది. పగటిపూట మాత్రమే వచ్చేవాళ్ళకి 2024 నుంచి ఎంపిక చేసిన రోజుల్లో ప్రవేశ రుసుం కూడా పెట్టారు. రాత్రి బస చేసేవాళ్ళకి అది లేదు, ముందుగా పేరు మాత్రం నమోదు చేసుకోవాలి. పాత ఊళ్ళో 1951లో లక్షా డెబ్బై వేలకు పైగా జనం ఉండేవారు. 2022 నాటికి యాభై వేల లోపుకి పడిపోయారు. ఇళ్ళన్నీ బసలైపోతుంటే ఊరివాళ్ళు ఎక్కడుంటారు చెప్పండి? అందుకే సందుల్లో నెమ్మదిగా, కుడివైపుగా నడుద్దాం. చౌకులో నేల మీద కూచుని పొట్లాలు విప్పకండి, జరిమానా వేస్తారు.

తిండి సంగతి. శాకాహారులకి టమాటా పాస్తా, మార్గరీటా పిజ్జా ఎక్కడైనా దొరుకుతాయి. పొలెంటా అని మొక్కజొన్న పిండితో చేస్తారు, అచ్చం మన సంకటే. పచ్చి బఠాణీలతో వండే 'రిసీ ఏ బీసీ' అన్నం అక్కడి పాత వంటకం. కానీ అందులో మాంసం ముక్కలో, మాంసపు రసమో పడొచ్చు, అడిగి తినండి. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూచుంటే ఇంకో ధర సుమండీ! మంచినీళ్ళు కొనక్కర్లేదు, వీధి కుళాయిల దగ్గర సీసా నింపుకోవచ్చు. ఊరి నుంచి కారప్పొడి తీసుకెళ్ళండి గానీ నెయ్యి సీసా వద్దు. పాలు, నెయ్యి, మాంసం ఐరోపాలోకి రానివ్వరు.

చలికాలం ముందు సముద్రం పోటెత్తి వీధుల్లోకి వస్తుంటుంది. 2019 నవంబరులో 187 సెంటీమీటర్లు వచ్చింది. 2020 అక్టోబరు నుంచి పెద్ద పోట్లప్పుడు సముద్రానికి అడ్డంగా ఇనుప తలుపులు లేపుతున్నారు. అయినా మార్చి చివర, లేదా సెప్టెంబరు చివర హాయి. చర్చిల్లోకి భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలి. మనకేం, కొంగు ఉందిగా!

అన్నట్టు, ఈ ఊరు మనకి మరీ పరాయిదేం కాదు. 13వ శతాబ్దంలో మన మోటుపల్లి రేవు గురించీ, ఆ రాజ్యాన్నేలిన రాణి గురించీ, సాలెగూడులాంటి సన్నని బట్టల గురించీ రాసిన మార్కోపోలోది ఈ వెనిసే. ఆ రాణి మన రుద్రమదేవేనని చరిత్రకారులంటారు. రియాల్టో వెనక సందుల్లో అతనిల్లుండిన చోటు ఇప్పటికీ చూపిస్తారు.

చివరిగా ఒక్క మాట. బస కుదుర్చుకునేటప్పుడు ధర తర్వాత అడగండి. ముందు "పడవ రేవు నుంచి మీ గుమ్మానికి ఎన్ని వంతెనలు? లోపల లిఫ్టుందా?" అని అడగండి. "ఒక్కటీ లేదు, లిఫ్టుంది" అన్న చోటే గది తీసుకోండి. మీతో వచ్చిన పెద్దవాళ్ళని ఏ వంతెన దగ్గరా కూచోబెట్టి రావలసిన అవసరం మీకు రాకూడదు.