లంచ్ బెల్లుకి తగ్గే దాడులు

బ్రిటన్‌లో యూనివర్సిటీలకూ కాలేజీలకూ ఇంటర్నెట్ నడిపే సంస్థ పేరు జిస్క్. 2017-18 విద్యాసంవత్సరంలో అక్కడి దాదాపు 190 విద్యాసంస్థల నెట్‌వర్కుల మీద 850కి పైగా దాడులు జరిగాయని ఆ సంస్థ లెక్క తీసింది. ఒకేసారి కుప్పలు తెప్పలుగా ఉత్తుత్తి రిక్వెస్టులు పంపి సర్వర్‌కి ఊపిరాడకుండా చేసే రకం దాడులు. ఎక్కడో ముసుగేసుకున్న ముఠా పని అనుకుంటాం కదా? జిస్క్ వాళ్ళు వేళలు చూశారు. పొద్దున ఎనిమిది తొమ్మిదింటికి మొదలు. మధ్యాహ్నం భోజనం వేళకి తగ్గుదల. సెలవుల్లో బాగా తక్కువ. కాలేజీ తెరవగానే మళ్ళీ.

అచ్చం మన టైంటేబులే! విద్యార్థులో సిబ్బందో చేస్తూ ఉండొచ్చని వాళ్ళకి అనుమానం వచ్చింది. నాలుగు రోజులు సాగిన ఒక దాడి జాడ తీస్తే ఒక హాస్టల్లో తేలింది. ఆన్‌లైన్ ఆటలో ఇద్దరికి పోటీ, అంతే. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటుంది మా అవ్వ. ఇక్కడ లంచ్ బెల్లు పట్టిచ్చింది.

(తెలుగు శాఖ గోడ మీద ఈ కంప్యూటర్ గొడవేంటని అడక్కండి. ఎలక్టివ్‌గా నేరశాస్త్రం తీసుకున్నదాన్ని, ఊరుకోలేను.)

కోహెన్, ఫెల్సన్ అనే ఇద్దరు 1979లో ఒక మాట చెప్పారు. చెయ్యాలనుకునే మనిషి, చేతికందే వస్తువు, కాపలా లేకపోవడం, ఈ మూడూ ఒకచోట కలిస్తే నేరం జరుగుతుందని. యూనివర్సిటీకి బాగానే అతుకుతుంది. ఏటా కొత్తవాళ్ళు వేలమంది వస్తారు, అందరికీ లాగిన్ ఇవ్వక తప్పదు. కానీ ఆ మొదటి మనిషి లోపల ఏం జరుగుతుందో ఇందులో లేదు. దానికి 1957లో సైక్స్, మాట్జా రాసింది చదవాలి. తప్పు చేసే కుర్రాళ్ళకి తప్పేదో తెలుసు, అయితే మనస్సాక్షి నోరు నొక్కే సాకులు ముందే సిద్ధం చేసుకుంటారు అంటారు వాళ్ళు.

ఆ సాకులు నేను ఉగాదికి హోసూరులో విన్నాను. మా చిన్నాన్న కొడుకు బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. భోజనాల దగ్గర, "మా కాలేజీ పోర్టల్‌ని ఒక పూట పడుకోబెట్టడం ఎంతసేపక్కా!" అన్నాడు. ఎందుకురా అంటే, "ఎవరి సొమ్ము పోతుంది? లక్షలు గుంజుతారు, సర్వర్ మాత్రం డొక్కుది. వాళ్ళకి కావాల్సిందే." నష్టమే లేదనడం ఒకటి, నష్టపోయినవాడికి అది తగిన శాస్తే అనడం ఇంకొకటి. పుస్తకంలో ఉన్న వరసలోనే చెప్పాడు. చిన్నమ్మ "మావాడికి కంప్యూటరంటే ప్రాణం" అని మురిసిపోతూ ఇంకో బొబ్బట్టు వేసింది. నాకు గొంతు దిగలేదు. వాడు చెయ్యగలడని నాకు తెలుసు.

అమెరికాలో పరస్ ఝా సంగతి చెప్పాను. న్యూజెర్సీలో రట్గర్స్ యూనివర్సిటీ విద్యార్థి. 2014 నవంబర్ నుంచి 2016 సెప్టెంబర్ దాకా తన యూనివర్సిటీ నెట్‌వర్క్ మీదే దాడులు చేశాడు. విద్యార్థులు అసైన్‌మెంట్లు పంపే పోర్టల్ ఒక్కోసారి వరసగా రోజుల తరబడి ఆగిపోయింది. 2018లో కోర్టు ఆరు నెలల గృహనిర్బంధం వేసి, 86 లక్షలు కట్టమంది.

"రూపాయలా?"

"డాలర్లురా."

కాసేపు ఊరుకున్నాడు. "దొరికిపోయాడు కాబట్టి," అన్నాడు మళ్ళీ.

అప్పుడు మన క్లాసమ్మాయి గురించి చెప్పాను. పోయినేడు పరీక్ష ఫీజుకి ఆఖరి రోజు సైట్ ఆగిపోయింది గుర్తుందా? ఎవరూ దాడి చెయ్యలేదు, ఊరికే మొరాయించింది. అప్పు తెచ్చిన డబ్బు పట్టుకుని ఆ పిల్ల బ్రౌజింగ్ సెంటర్లో రాత్రి ఎనిమిది దాకా నిలబడింది. ఊరికి ఆఖరి బస్సు కూడా పోయింది.

వాడు పళ్ళెంలో వేలితో గీతలు గీస్తూ విన్నాడు.

"తర్వాత కట్టనిచ్చారా?"

"ఫైన్‌తో."

"ఎంత ఫైను?" అన్నాడు.