జేబులో మాత్ర ఉందని ధీమాపడే నీకు

నరసాపురం

ఒరేయ్ సత్యం,

నీ ఉత్తరం అందింది. "డాక్టరుగారు సార్బిట్రేట్ రాశారు, జేబులో పెట్టుకు తిరుగుతున్నా, ఇక బెంగ లేదు" అన్నావు చూడు, ఆ ముక్కతో నాకు బెంగ పట్టుకుంది. మందుల షాపులో తల నెరిసినవాణ్ణి, విసుక్కోకుండా చదువు.

మెట్లెక్కుతుంటే రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టు బరువు, ఆగితే కాసేపటికి సర్దుకుంటోందన్నావు. శ్రమకు సరిపడా రక్తం గుండెకు అందకపోతే అలాగే ఉంటుంది. ప్రతిసారీ నొప్పిగానే రానక్కర్లేదు. బిగింపు, ఆయాసం, దవడలోనో ఎడమచేతిలోనో వీపులోనో లాగుడు, ఏదైనా కావచ్చు. నీలాంటి షుగరువాళ్లకైతే ఒక్కోసారి నొప్పే తెలీదు. చెమట, వికారం, నీరసం, అంతే. "గ్యాస్ పట్టేసింది, ఈనో ఇవ్వు" అంటూ చొక్కా తడిసిపోయి వచ్చినవాళ్లను తిన్నగా ఆస్పత్రికి తరిమాను. తేన్పు వచ్చి తేలికపడినంత మాత్రాన గుండెది కాదని తేలినట్టు కాదురా.

ఇక మాత్ర సంగతి. అది రక్తనాళాలను వదులు చేసి గుండె పని తగ్గిస్తుంది. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించదు. దాని జాతిదే నైట్రోగ్లిజరిన్. డైనమైట్ కనిపెట్టిన నోబెల్‌కు 1896లో గుండెజబ్బుకని వైద్యులు రాసిందీ అదే. ఆ పేలుడు పదార్థాల ఫ్యాక్టరీల్లో పనివాళ్లకు దాంతోనే తలపోటు వచ్చేది. నీకూ రావచ్చు, కంగారుపడకు. బీపీ కూడా పడిపోతుంది, అందుకే నిలబడి వేసుకోవద్దు. కూర్చో, నాలుక కింద పెట్టుకో, మింగకు. 5 నిమిషాల్లో తగ్గకపోయినా, ఎక్కువైనా 108కి ఫోన్ చెయ్యి. బండి నువ్వే నడుపుకుంటూ బయల్దేరకు. ఆస్ప్రిన్ నమలాలా వద్దా అన్నది వాళ్లనే అడుగు, అది పడనివాళ్లూ ఉంటారు. కూర్చున్నచోటే బరువనిపించినా, ఇదివరకటికంటే తరచుగా వస్తున్నా మరునాటిదాకా ఆగొద్దు.

పక్కింటాయనకు రొమ్ము నొప్పి అంటే నీ మాత్ర తీసి ఇచ్చేవు సుమా! బీపీ తక్కువున్నవాళ్లకూ, కొన్ని రకాల గుండెపోటుకూ అది అపకారం చేస్తుంది. విడి మాత్ర జేబులో వేసుకోకు, స్ట్రిప్‌లోనే ఉంచు, గడువు తేదీ చూస్తుండు.

రోజూ వేసుకునే ఎకోస్ప్రిన్, మెటోప్రొలాల్ నీ అంతట నువ్వు మానొద్దు. మెటోప్రొలాల్ ఉన్నట్టుండి ఆపితే నొప్పి తిరగబెడుతుంది. పన్ను పీకించుకోవడానికి ఎకోస్ప్రిన్ ఆపమన్నా ముందు గుండె డాక్టరుగారినే అడుగు. మోకాళ్లకని డైక్లోఫెనాక్ కొనుక్కుంటావు కదా, అదీ చెప్పు. గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఆ మందు మంచిది కాదు.

చివరిగా ఒకటి, చెల్లెమ్మకు చదివి వినిపించేటప్పుడు ఇది దాటేసినా సరే. వయాగ్రాలాంటివి సార్బిట్రేట్‌తో కలిస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) వేసుకున్న 24 గంటల దాకా, టడలాఫిల్ అయితే 48 గంటల దాకా సార్బిట్రేట్ ముట్టకూడదు. నా దగ్గర బుకాయించినా ఫర్వాలేదు గానీ డాక్టరు దగ్గర సిగ్గుపడకు.

యాంజియోగ్రాం తేదీ ఖాయం కాగానే రాయి, తోడుగా నేనొస్తాను.

నీ
మూర్తి