నాలుగు సెల్లుల పంక్తి

సంచికకు వ్యాసము పంపుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, చెన్నపట్టణపు తెలుగు వీధులను గూర్చియో, మా తాతగారి నాటి నాటక సమాజములను గూర్చియో వ్రాయవలెననుకొంటిని. కాని కొంతకాలముగా నా మనస్సును పట్టి బాధించినది ఒక బ్యాటరీ. ఇదియు నొక వ్యాసవస్తువేనా యని నవ్వువారు నవ్వుదురు గాక. వానలలో కరెంటు లేని రాత్రులను ఎరిగిన గృహస్థులు నవ్వరని నా నమ్మకము.

2023వ సంవత్సరము డిసెంబరు మొదటి వారమున మిచౌంగ్ తుపాను ఈ నగరమును ముంచినప్పుడు, పశ్చిమ మాంబళములోని మా వీధికి రెండు దినములకు పైగా కరెంటు లేదు. మా తల్లిగారికి అప్పటికి ఎనుబదినాలుగేండ్లు. ఉబ్బసపు మనిషి. ఆమెకు చీకటి బాధ కాదు, గాలి ఆడకుండుట బాధ. మా యింటి సీసపు బ్యాటరీ మొదటి రాత్రి సగములోనే చేతులెత్తివేసెను. తరువాత నేనును నా భార్యయు వంతులు వేసికొని విసనకర్రతో విసరితిమి. తెల్లవారుజామున ఆమె శ్వాస వినుచు కూర్చుండిన గంటలు నేను మరువలేదు.

నేను లెక్కలు చూచు ఉద్యోగము చేసి విరమించినవాడను. అయినను మా తండ్రిగారు మూర్ మార్కెట్టులో పాత రేడియో సామానులు ఏరి తెచ్చి బాగుచేయుచుండగా ప్రక్కన కూర్చుండి నేర్చిన విద్య కొంత కలదు. 2024 వేసవిలో మౌంటురోడ్డు నానుకొనియున్న రిచ్చీవీధికి పోయి, లిథియం ఇనుప ఫాస్ఫేటు సెల్లులు నాలుగు కొని తెచ్చితిని. ఒక్కొక్కటి 3.2 వోల్టులు, 100 ఆంపియర్-గంటలు. ఈ పదార్థము బ్యాటరీకి పనికివచ్చునని 1997లో టెక్సాస్ విశ్వవిద్యాలయమునుండి వెలువడిన పత్రముమీద గుడెనఫ్ ఆచార్యునితో పాటు పాధి, నంజుండస్వామి గార్ల పేర్లు కలవు. మన ప్రాంతమునకును ఈ విద్య క్రొత్త కాదు. కారైకుడిలోని విద్యుద్రసాయన పరిశోధనాలయమును 1953లో ప్రారంభించినవారు మన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారే.

నాలుగు సెల్లులను వరుసగా బిగించి, బి.యం.యస్. అను కాపలా పలకను అమర్చితిని. ఏ సెల్లయినను మితిమీరి నిండినను, మితిమీరి తరిగినను అది మొత్తము దారినే మూసివేయును. మొత్తము 1280 వాట్-గంటలు. పంకా, దీపము, ఇన్వర్టరు తినునది కలిపి 50 వాట్లు. కావున 25 గంటలు. లెక్కల మనిషిని గదా, కాగితముమీద లెక్క కుదిరినంతనే పని యయినదనుకొంటిని. ఛార్జరుమీద పచ్చదీపము అనుకొన్నదానికన్న ముందుగా వెలుగుచుండెడిది. త్వరగా నిండుచున్నదని సంతోషించితిని కూడ!

నవంబరు 30వ తేదీన ఫెంగల్ తుపాను వచ్చెను. మధ్యాహ్నము పండ్రెండు గంటలకు మా వీధిలో కరెంటు పోయెను. మరునాడు ఒంటిగంట వరకు తిరుగవలసిన పంకా తెల్లవారుజామున మూడు గంటలకే ఆగెను. అమ్మ లేచి కూర్చుండి, "ఆగిపోయిందిరా నాయనా" అని మాత్రము అనెను. విసనకర్ర మరల అటకమీదినుండి దిగెను.

ఒక సెల్లు చెడియుండును, మరియొకటి కొనుమని దుకాణదారుడు చెప్పెను. ప్రక్కింటి కుర్రవాడు, "ఆ బి.యం.యస్. తీసేసి నేరుగా కలిపెయ్యండి అంకుల్, ఆగదు" అని సలహా యిచ్చెను. నిజమే, ఆగదు. కాని తరిగిపోయిన సెల్లునుండి ఇంకను లాగినచో లోపలి రాగిరేకు కరగి, మరల ఛార్జి చేయునప్పుడు లోలోపలనే తాకిడి యేర్పడవచ్చును. తల్లి మంచము ప్రక్కన అట్టిదానిని పెట్టుదునా?

కొంత ఛార్జి యెక్కించి నాలుగింటిని మల్టీమీటరుతో కొలిచితిని. 3.30, 3.29, 3.29, 3.30. ఇంతకన్న సమానులైన అన్నదమ్ములుందురా! ఈ జాతి సెల్లుల గుణమే అది. సగము నిండినను ముప్పాతిక నిండినను, విశ్రాంతిలో ఇంచుమించు ఒకే వోల్టేజి చూపును. భేదము రెండు కొసలయందే బయటపడును. కావున నోటుపుస్తకము తీసికొని, పూర్తిగా ఛార్జి చేయుచు పావుగంట కొకసారి వ్రాసితిని. చాలసేపు ఏమియు తెలియలేదు. కడపట మూడవ సెల్లు చూచుచుండగనే 3.65కు ఎగబ్రాకెను. మొదటిది అప్పటికింకను 3.36 వద్దనే యున్నది. బి.యం.యస్. దారి మూసెను, ఛార్జరు పచ్చదీపము వెలిగించెను. ఇన్నాళ్ళు నన్ను సంతోషపెట్టిన దీపమిదియే.

అయినచో మూడవది చెడినదా? చిన్న చెంబు త్వరగా నిండును, త్వరగానే ఖాళీయగును. కావున దాని సామర్థ్యమే తగ్గియున్నచో, ఖాళీ చేయునప్పుడును అదియే ముందు పడిపోవలెను. పంకా వేసి, రాత్రి తెల్లవార్లు కనిపెట్టితిని. ముందుగా 2.5కు పడినది మూడవది కాదు, మొదటిది! తక్కినవన్నియు 3.2 దగ్గర నిబ్బరముగా నున్నవి. ముందు నిండినది ఒకటి, ముందు తరిగినది మరియొకటి. అనగా ఏ సెల్లును చెడలేదు. ఎక్కువ తక్కువలతో ఒకచోట చేరినవి, అంతే.

తెల్లవారి అమ్మ, "రాత్రంతా ఏమిట్రా ఆ రాతలు?" అని అడిగెను. నాకు తోచినట్లు చెప్పితిని. ఆమె కాఫీ త్రాగుచు సాంతము విని యిట్లనెను: "పంక్తిలో ఒకడు లేస్తే అందరూ లేవాల్సిందే గదా. అందరికీ ఒకేలా వడ్డించానంటున్నావు, సరే. వచ్చేముందు ఎవడు ఇంట్లో తినొచ్చాడో చూశావా?"

చూడలేదు. అదియే తప్పు. వరుసగా బిగించుటకు ముందు అన్నిటిని ఒకే మట్టమునకు తేవలెనని చదివియుండియు, దానికి రెండు దినములు పట్టునని దాటవేసితిని. సీసపు బ్యాటరీ యైనచో ఈ తొందరను కొంత మన్నించును. ముందు నిండిన గది అధిక విద్యుత్తును నీటిని వాయువుగా మార్చుటలో ఖర్చుచేయుచుండగా వెనుకబడినవి అందుకొనును. లిథియముకు ఆ వెసులుబాటు లేదు. బి.యం.యస్. సరిచేయునేమో యందురా, నాదానికి కల శక్తి 50 మిల్లీ ఆంపియర్లు. నా సెల్లుల మధ్య తేడా సుమారు 40 ఆంపియర్-గంటలు. భాగించిన 800 గంటలు. అదియు నిండు కొసన నిలిచియున్నంత సేపు మాత్రమే.

కావున మొదట మామూలుగా ఛార్జి చేసి, మూడవది నిండగనే ఆపి, నాలుగింటిని విప్పితిని. ఉంగరము తీసివేసితిని. పానాకు పిడివరకు టేపు చుట్టితిని; అది రెండు ధ్రువముల మధ్య పడినచో ఏమగునో చూడవలెనను కోరిక నాకు లేదు. ధనధ్రువము లన్నిటి నొకటిగను, ఋణధ్రువము లన్నిటి నొకటిగను కలిపి, 3.65 వోల్టులకు ముందే నిలిపిన సరఫరా పెట్టెను తగిలించితిని. త్వరపడి వోల్టేజి పెంచుట ఇచట ప్రమాదకరము. పగలంతయు ప్రక్కన కూర్చుండుట, నిద్రకు ముందు తీసివేయుట. ఇట్లు రెండు దినములు గడచెను. 10 ఆంపియర్లు పోవుచుండిన విద్యుత్తు రెండవనాటి సాయంకాలమునకు 3కు తగ్గెను. మరల వరుసగా బిగించి, ధ్రువములను గీకి శుభ్రము చేసి, నట్లు సరిచూచితిని.

తరువాత ఒకనాడు ఉదయము, కరెంటు ఉండగనే, అమ్మ గది పంకాను దానికి మార్చితిని. 23 గంటలు తిరిగెను. ఆగిన క్షణమున నాలుగు సెల్లులును దగ్గర దగ్గరగనే దిగియుండెను. నేను అంకెలు వ్రాసికొనుచుండగా అమ్మ దిండుమీదినుండియే అడిగెను: "ఏమిరా, ఈసారి మూడోవాడు కూడా ఆకలితోనే వచ్చాడా?"