పొద్దుటి గాలి, మధ్యాహ్నపు గాలి



2004 మొదలు 2024 వరకు మన రాష్ట్రంలో శాసనసభ ఎన్నికలన్నీ ఎండల్లోనే వచ్చాయి. ప్రతిసారీ ఏప్రిల్, మే నెలల్లోనే ఓట్లు వేశాము. అందుచేత మా గన్నవరం ప్రాంతపు పల్లెల్లో పిల్లలకు ఎన్నికలంటే హెలికాప్టరే. హైస్కూలు మైదానంలో సున్నంతో వలయం గీసి, నడుమ హెచ్ అక్షరం వేసి, దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్లు చల్లడం చూశారంటే చాలు, అన్నం మాట మరచి ప్రహరీగోడ ఎక్కి కూర్చుంటారు.

పెద్దవాళ్లకు మాత్రం ఆ చప్పుడు వింటే మనసులో ఏదో కలుక్కుమంటుంది. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు బాలయోగి గారు అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న కైకలూరు దగ్గర హెలికాప్టరు కూలి చనిపోయారు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు నల్లమలలో పోయారు. అవి వేరే కథలు. నేను వ్రాయదలచినది ఎండ గురించి.

2017 మే 25న మహారాష్ట్ర ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ గారు లాతూరు జిల్లా నిలంగాలో పని ముగించుకొని హెలికాప్టరు ఎక్కారు. నిలంగా మన బీదరు సరిహద్దుకు దగ్గరి ఊరు, పీఠభూమి మీద ఉన్నది. యంత్రం పైకి లేచింది గాని నిలద్రొక్కుకోలేకపోయింది. క్రిందికి జారి, కరెంటు తీగలకు తగిలి ఇళ్ల ప్రక్కన కూలింది. లోపలివాళ్లంతా ప్రాణాలతో బయటపడ్డారు. ఆ వేడిలో మోయదగిన దానికంటే బరువు ఎక్కువైందని విచారణలో తేలింది.

మంచి యంత్రం, తెలిసిన పైలట్లు. మరి ఎండకూ బరువుకూ సంబంధమేమిటి?

హెలికాప్టరు రెక్కలు గాలిని క్రిందికి తోస్తేనే అది పైకి లేస్తుంది. ఎండకు గాలి వ్యాకోచించి పలుచనవుతుంది. పలుచని గాలిని ఎంత తోసినా పట్టు చిక్కదు. ఇంజను పీల్చుకునేదీ ఆ గాలినే గనుక దాని బలమూ తగ్గుతుంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలుచనవుతుందని మనకు తెలుసు. వేడి కూడా అదే పని చేస్తుంది. మా గన్నవరం సముద్రమట్టానికి వంద అడుగుల ఎత్తు కూడా లేదు. అయినా మే నెలలో 45 డిగ్రీల ఎండ కాస్తే యంత్రానికి ఇది సుమారు 3,500 అడుగుల కొండ. రెండు వేల అడుగుల పీఠభూమి మీద 40 డిగ్రీలు కాస్తే అది అయిదు వేల అడుగులు దాటిన కొండ. మన కంటికి మాత్రం రెండూ చదును నేలలే! పైగా మన డెల్టా ఉక్కపోత ఒకటి. తేమగాలి బరువని మనమనుకుంటాము గాని, నిజానికి అది పొడిగాలి కంటే తేలిక.

ఇందులో ఒక మోసమున్నది. నేలకు దగ్గరగా ఉన్నంతసేపు రెక్కలకు నేల ఆసరా దొరుకుతుంది, తక్కువ బలంతోనే మనిషెత్తున హాయిగా నిలబడుతుంది. చూచేవారు లేచిందని చప్పట్లు కొడతారు. చెట్ల ఎత్తుకు పోయేసరికి ఆ ఆసరా ఉండదు. అసలు పరీక్ష అక్కడ.

ఇదంతా నాకు మొదట చెప్పినవాడు ఒక పైలటు. కొన్నేళ్ల క్రిందట, ఎన్నికల రోజుల్లో, మా ప్రక్క ఊరి మైదానంలో ఒక చిన్న హెలికాప్టరు దిగింది. పైలటుకు తెలుగు రాదు. నేను హిందీ పండితుడిగా పనిచేసినవాణ్ణి గనుక పిలిపించారు. ఉదయం ఏడు గంటలకు నలుగురితో వచ్చిన యంత్రం అది. మధ్యాహ్నం ఒంటిగంటకు అదే నలుగురు ఎక్కబోతే, ఇద్దరు దిగాలన్నాడు.

గలాటా మొదలైంది. “పొద్దున పట్టినవాళ్లు ఇప్పుడెందుకు పట్టరు? అడగండి మాస్టారూ!” అని ఒక పెద్దమనిషి కేకలు వేశాడు. అడిగాను. పైలటు తూర్పువైపు తాటిచెట్లనూ, వాటి ప్రక్కనున్న కరెంటు తీగలనూ చూపించి, “మనుషులు వాళ్లే, గాలి మారింది” అన్నాడు. సాయంత్రం చల్లబడేదాకా ఆగితే నలుగురినీ తీసుకువెళ్తానన్నాడు. సభకు వేళ మించిపోతున్నది, ఆగడానికి వీల్లేదు. కార్యకర్తలు చుట్టూ మూగారు. ఆయన గొంతు పెంచలేదు, ఇంజను మాత్రం స్టార్టు చేయలేదు. ఆ పూట ఆయన ఉద్యోగానికి ఎసరు పెట్టగలవాళ్లే అక్కడ నిలబడి ఉన్నారు. నేను ఆయన మాటను పల్లెవాడికి అర్థమయ్యేట్టు చెప్పాను: “పొద్దున బండి రోడ్డు మీద ఉన్నది, ఇప్పుడు ఇసుకలో ఉన్నది. ఎద్దులు అవే, బరువు దించక తప్పదు.” నాయకుడికి ఆ మాట ఎక్కింది. వేలితో సైగ చేశాడు. ఇద్దరు దిగారు.

హెలికాప్టరు మనిషెత్తు లేచి, కాసేపు అక్కడే ఆగింది. తరువాత మైదానం పొడుగునా ముందుకు సాగి, తాటి మట్టలు అల్లాడుతుండగా వాటి మీదుగా దాటిపోయింది. దాటేటప్పుడు వాటికీ దానికీ మధ్య ఉన్న ఎడం చూచి, గోడ మీది పిల్లలు కూడా నోరెత్తలేదు.

దిగిన ఇద్దరూ కారులో వెళ్లారు. వారిలో కేకలు వేసిన పెద్దమనిషి ఆ తరువాత ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. దింపినది పైలటు, కోపం నా మీద!