భోగిపళ్ల వేడుక

పిల్లల పుట్టినరోజంటే బెలూన్ల తోరణాలు, ఫొటో బ్యానరు, రిటర్న్ గిఫ్టులు తప్పవన్న బెంగ ఇంటింటా కనిపిస్తోంది. నాకు మాత్రం భోగిపళ్లే గుర్తొస్తాయి. రేగుపళ్లు, నానబెట్టిన శనగలు, చెరకుముక్కలు, బంతిపూరేకులు, కాసిని చిల్లర నాణేలు. పేరంటాళ్లు దిష్టి తీసి తలమీద పోస్తుంటే పసివాళ్లు కిలకిలలాడతారు. పెద్దపిల్లలు కిందపడ్డ నాణేల కోసం ఎగబడతారు. అంతకన్నా మంచి ఆట ఏ ఫంక్షన్ హాల్లో దొరుకుతుంది?

షికారూ అంతే, పెద్ద ఖర్చు అక్కర్లేదు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడవాళ్లకు హైదరాబాదు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. పన్నెండు కాకముందే సాలార్‌జంగ్ మ్యూజియం చేరితే, అక్కడి గడియారంలోంచి గడ్డపు బొమ్మ వచ్చి పన్నెండుసార్లు గంట కొడుతుంది. శుక్రవారం సెలవు, చూసుకోండి. పులిహోర మాత్రం ఇంట్లోనే కలిపి పట్టుకెళ్లాలి.