నా 32 గజాలు ఎక్కడ?

మా అపార్ట్‌మెంటులో లిఫ్టు పక్కన కొత్త నిబంధనల కాగితం అంటించారు. మిద్దె మీద వడియాలు, మిరపకాయలు ఎండబెట్టరాదట. కింద ప్రహరీ వారన ఎవరూ మొక్కలు నాటరాదట, ఉన్నవి వారంలోగా తీసేయవలెనట. ఇట్లు, కార్యవర్గం. ప్రొద్దుటూరులో దేవుడు ధారాళంగా ఇచ్చేది ఎండ ఒక్కటే, దాన్నీ వాడుకోవద్దంటే ఎట్లా? ఆ సంగతి మా ఇంటామె తేల్చుకుంటానంది. తేల్చుకుంటుంది కూడా. నాకు మండింది రెండోదాని దగ్గర.

బీరువాలోంచి దస్తావేజు తీశాను. ఫ్లాటుకు నాలుగు దిక్కులా హద్దులు రాసి ఉన్నాయి. దాని కిందే ‘అవిభక్త వాటా 32 గజాలు’ అని ఉంది. దీనికి మాత్రం హద్దుల్లేవు. స్థలమంతటా నేనున్నాను, ఎక్కడా లేను. వేదాంతం చదివినవాళ్లకు ఇది తొందరగా ఎక్కుతుందేమో, నేను చదివింది బీకాం. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం నేల అందరి ఉమ్మడి సొత్తు, కొన్నవాళ్లంతా సంఘంగా ఏర్పడి దాని నియమాలకు కట్టుబడాలి. బాగానే ఉంది. ఎవరికి తోచిన చోట వాళ్లు రావిచెట్టు నాటితే సంపు పగులుతుందని నాకూ తెలుసు. కానీ గాలీ వెలుతురూ రావాలని చుట్టూ వదిలిన ఆ సందులో ఇప్పుడున్నవి బైకులు, ఎవరిదో చచ్చిన ఫ్రిజ్జు. ఫ్రిజ్జును తీయమనే నిబంధన ఏది? దాని వేళ్లు సంపులోకి పోవు గనక వదిలేశారా?

అసోసియేషన్లు లేని రోజుల్లో మొక్కలు వద్దనే పని వాస్తు సిద్ధాంతి చేసేవాడు. ఈశాన్యంలో చెట్టొద్దు, వాకిట్లో మునగొద్దు, చింత అయితే అసలే వద్దు. ఆయనతో ఒక సుఖముండేది. ఇంకో సిద్ధాంతిని పిలిస్తే ఇంకో మాట చెప్పేవాడు.

ఇంతకూ పీకమన్న మొక్క కరేపాకుది. పెద్ద వయసేం లేదు, నడుమెత్తు. బజారులో ఎంత కావాలంటే అంత దొరుకుతుంది కదా అంటాడు మా కార్యదర్శి. దొరుకుతుంది. తోటల్లో ఎరువు తాగి పెరిగిన వెడల్పాకు, చేత్తో నలిపినా పలకదు. పెరటి చెట్టు ఆకు చిన్నది, కొంచెం ముదురు రంగు, కొమ్మ విరిస్తేనే వాసన పక్కింటికి చేరుతుంది. ఉగ్గాని తాలింపులో ఆ ఆకు పడకపోతే మిగిలేది నానిన బొరుగులే. కరేపాకు కారం సంగతి ఎత్తను, ఎత్తితే ఈ వ్యాసం అక్కడే ఆగిపోతుంది. మా జేజి ఏనాడూ కరేపాకు కొన్న మనిషి కాదు. కూరగాయల కొట్టువాడు కొసరుగా ఇచ్చినా, ‘మా దొడ్లో ఉందిలే నాయనా, ఇంకెవరికన్నా ఇయ్యి’ అనేది. మా దొడ్డిలో ఉన్నదాని మీద వీధి మొత్తానికీ హక్కుండేది. తలుపు తీసి ఉంటే చాలు, అడగను కూడా అడిగేవాళ్లు కాదు.

అమెరికాలో సొంత ఇళ్లకూ ఈ అసోసియేషన్లున్నాయి, మన పిల్లలు వాటి ఉత్తరాలు అందుకుంటూనే ఉన్నారు. గడ్డి ఎత్తు పెరిగితే ఉత్తరం, బట్టలు బయట ఆరేస్తే ఉత్తరం. 2014లో కాలిఫోర్నియా కరువులో ఉంది. ఊరందరినీ నీళ్లు ఆదా చేయమని ప్రభుత్వం అంటుంటే, ఆదా చేసినవాళ్ల లాన్లు ఎండాయని అసోసియేషన్లు జరిమానాలు వేయబోయాయి. అట్లా వేయకూడదని అదే ఏడాది చట్టమే చేయాల్సి వచ్చింది. కరువులో గడ్డి ఎండినందుకు జరిమానా! ఈ మాట జమ్మలమడుగు బస్టాండులో చెబితే నన్ను ఎగాదిగా చూస్తారు.

పోనీ సంఘం లేకపోతే చెట్లు బతుకుతాయా అంటే, మా బావమరిది పులివెందులలో ఉన్నాడు. సొంత స్థలం, సొంత ప్రహరీ, అడిగేవాడు లేడు. ఆకులు రాలుతున్నాయని వేపచెట్టు కొట్టించి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కడప బండలు పరిపించాడు. 2002 వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి కదా అంటే, ‘నా చెట్టుకు ఎవురి పర్మిషన్ బావా’ అన్నాడు. మే నెల మధ్యాహ్నం ఆయన వాకిట్లో చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసినవాళ్లకు హక్కుల మీద మోజు పోతుంది. ఆయన మాత్రం సాయంత్రం బండల మీద బిందెలకు బిందెలు నీళ్లు చల్లుకుని మంచమేసుకుంటాడు.

చోటున్నవాడి సంగతి అది. 2020 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం పేదలకు ఇచ్చిన స్థలాలు పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర. సెంటంటే 48 గజాలు. అందులో ఇల్లు పోను దొడ్డి అనే మాటకు చోటెక్కడిది?

దొడ్డంటే తాళ్లప్రొద్దుటూరులో మా చిన్నాయనది. గండికోట జలాశయంలో అదే ఏడాది నీళ్లు పెంచినప్పుడు ఊరు ఖాళీ అయింది, దొడ్డీ పోయింది. భూసేకరణలో పెరటి చెట్టుకు కూడా వెల కడతారు. పండ్ల చెట్లయితే ఉద్యానశాఖ, కలప చెట్లయితే అటవీశాఖ. మరి కరేపాకు చెట్టు ఏ శాఖ కిందికి వస్తుందని చిన్నాయన కనపడినప్పుడల్లా నన్నడుగుతాడు. కలప కాదు, వంటచెరకుకైనా చాలదు. పండ్లంటారా, కాస్తుంది, నల్లగా, గుత్తులు గుత్తులుగా. మనం తినం గానీ పిట్టలు తింటాయి. అట్లయితే పండ్ల చెట్టేనంటాడు ఆయన. పిట్టలు తింటే లెక్కలోకి రాదు చిన్నాయనా అంటే, ‘ఎవురు జెప్పినారు?’ అని మళ్లీ మొదలు పెడతాడు.