చివరి చెట్టు దాకా... చుక్క చుక్క!

బంగారుపాళ్యం అనగానే మామిడికాయల గుట్టలు గుర్తొస్తాయి. ఆ కాయ కండపట్టడానికి కావాల్సిన నీటి లెక్క మాత్రం బోరు షెడ్డులో, గడియారంలాంటి ఓ చిన్న మీటరు మీద ఉంటుంది. ఆ ముల్లు ఎక్కడుంటే కాపు అక్కడుంటుంది మరి!

చిత్తూరులో బెంగళూరు బస్సెక్కి పాతిక కిలోమీటర్లు పోతే బంగారుపాళ్యం. మే నెల చివర్లోనో జూన్‌లోనో వెళ్తే ఊరు రాకముందే వాసన చెప్పేస్తుంది. ట్రాక్టర్లు, మినీ లారీలు బారులు తీరి ఉంటాయి. మార్కెట్ యార్డులో, రోడ్డు పక్క ర్యాంపుల్లో ఎటు చూసినా కాయలే. అందులో ఎక్కువ భాగం తోతాపురి. చిలక ముక్కులాంటి కొసతో ఉండే ఈ కాయ ఇక్కడి నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. డబ్బాల్లో నిండి గల్ఫ్ దేశాలకూ యూరప్‌కూ ఓడెక్కుతుంది.

ఊరు దాటి పలమనేరు వైపు సాగితే కొండలు దగ్గరవుతాయి. మొగిలీశ్వరుడి గుడి ఉన్న మొగిలి, ఆ తర్వాత ఘాట్ రోడ్డు. తోటలు కూడా ఇక్కడి నేలలాగే ఎగుడుదిగుడుగా ఉంటాయి. బోరు ఒకచోట ఉంటే చివరి చెట్టు పది మీటర్ల ఎత్తులోనో పల్లంలోనో ఉంటుంది. అసలు చిక్కంతా అక్కడే!

పది మీటర్లకు ఒక కేజీ

మేడ మీద ట్యాంకు ఉన్న ఇంట్లో పై అంతస్తు షవర్ సన్నగా కారుతుంది. కింది అంతస్తు కుళాయి జోరుగా దూకుతుంది. కారణం ఒక్కటే... ఎత్తు. నీటి మట్టం కుళాయికి పది మీటర్ల పైన ఉంటే, చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కేజీ ప్రెషర్ పడుతుంది. మూడు మీటర్లే ఉంటే కేజీలో మూడో వంతు కూడా రాదు.

మామిడి తోటలోనూ ఇదే సూత్రం. డ్రిప్పర్ సరిగ్గా పనిచేయాలంటే దాని దగ్గర దాదాపు కేజీ ప్రెషర్ ఉండాలి. గంటకు 4 లీటర్లు వదిలే డ్రిప్పర్లు చెట్టు చుట్టూ ఎనిమిది పెడితే, మూడు గంటల్లో 96 లీటర్లు అందుతాయి. ప్రెషర్ నాలుగో వంతుకు పడిపోతే మామూలు డ్రిప్పర్ నుంచి వచ్చే నీరు సగమైపోతుంది. ముందు వరస చెట్లు నిగనిగలాడుతుంటే, గట్టు మీది చెట్టు మాత్రం పిందె రాల్చేస్తుంది.

పోనీ ప్రెషర్ పెంచేస్తే? పల్లంలో పైపు జాయింట్లు ఊడిపోతాయి. డ్రిప్పర్లు ఎగిరిపడతాయి. బోరు పైకి తెచ్చిన నీళ్లు కాలవ కట్టి పోతాయి.

అందుకే తెలిసిన రైతు మోటారు వేయగానే చెట్ల వైపు చూడడు, ఫిల్టర్‌కు అటూ ఇటూ ఉన్న రెండు మీటర్ల వైపు చూస్తాడు. రెండింటి మధ్య తేడా అర కేజీ దాటిందంటే ఫిల్టర్‌లో చెత్త పేరుకుందని అర్థం. కడగాల్సిందే. ప్రెషర్ ఎక్కువైతే బైపాస్ వాల్వు తిప్పి మిగులు నీటిని తొట్టిలోకి మళ్లిస్తాడు. వాలు భూమిలో సన్న పైపులను ఎగువ నుంచి దిగువకు కాకుండా, ఒకే మట్టంలో అడ్డంగా పరుస్తాడు. ఎత్తుపల్లాలు మరీ ఎక్కువైతే, ప్రెషర్ మారినా ఒకే ధారగా నీరు వదిలే ప్రత్యేక డ్రిప్పర్లు పెడతాడు.

అమెరికాలోనూ అదే తిప్పలు

ఈ జిల్లా నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన వాళ్లకు మరోచోట ఇదే పాఠం ఎదురవుతుంది. సెలవుల్లో ఇల్లులాంటి వ్యాను అద్దెకు తీసుకుని, పిల్లలతో జాతీయ పార్కులకు బయల్దేరతారు. రాత్రికి క్యాంపు గ్రౌండ్‌లో ఆగి అక్కడి కుళాయికి గొట్టం తగిలిస్తారు. వ్యాను లోపలి పైపులు సాధారణంగా 40 నుంచి 60 పీఎస్‌ఐ, అంటే సుమారు మూడు నుంచి నాలుగు కేజీల ప్రెషర్‌తో వాడుకోవాలి. కుళాయిలో అంతకు మించి ఉందా... జాయింటు ఊడి పరుపులు తడిసిపోతాయి! అందుకే ముందు కుళాయికి రెగ్యులేటర్ బిగించి, ఆ తర్వాతే గొట్టం తగిలించాలి. గొట్టం చివర బిగిస్తే వ్యాను బతుకుతుంది గానీ గొట్టం పగలొచ్చు. సొంతూరి తోటలో వాల్వు తిప్పిన చేతులకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

చేతిలో ఉన్నది అదొక్కటే

చిత్తూరు జిల్లాకు బిందుసేద్యం కొత్త కాదు. కుప్పంలో 1990ల్లోనే ఇజ్రాయెల్ పద్ధతి సేద్యం చేసి చూశారు. 2003 నవంబరులో ప్రభుత్వం సూక్ష్మసేద్య పథకం మొదలుపెట్టి రాయితీ ఇచ్చాక డ్రిప్పు పైపులు ఊరూరా పరుచుకున్నాయి. కాలవ నీళ్లు లేని చోట బోరే దిక్కు. ఆ బోరు కరెంటు ఉన్నంతసేపే పోస్తుంది.

పూత ముందు చెట్టును ఎండగట్టాలి. పిందె బఠాణీ గింజంత అయ్యాక నీళ్లు మొదలుపెట్టాలి. కోతకు పక్షం రోజుల ముందు ఆపేయాలి. ఈ మధ్యలో కొండ దిగి వచ్చిన ఏనుగులు ఒక్క రాత్రి తోట తొక్కితే పైపులన్నీ మళ్లీ అతుక్కోవాలి.

ఇంత చేసినా ధర రైతు చేతిలో ఉండదు. 2025లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు 12 రూపాయలైనా దక్కాలని ప్రభుత్వమే అందులో 4 రూపాయలు భరించాల్సి వచ్చింది. ధర చేతిలో లేదు, వాన చేతిలో లేదు. చేతిలో ఉన్నది ఆ వాల్వు ఒక్కటే. అందుకే దాన్ని అంత జాగ్రత్తగా తిప్పుతారు.

ఎలా వెళ్లాలంటే...

తిరుపతి నుంచి చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లు. అక్కడి నుంచి పలమనేరు వైపు వెళ్లే బస్సులు బంగారుపాళ్యం మీదుగానే పోతాయి. రైల్లో వచ్చేవాళ్లు చిత్తూరులో దిగాలి. సందడి చూడాలంటే జూన్ మంచి కాలం. అడిగితే తోట చూపించడానికి ఎవరూ కాదనరు. గేటు వాల్వు మీద మాత్రం చెయ్యి వేయకండి!